తడిగుడ్డ

మొన్న భోజనాల గదిలో గోడకి ఓ అద్దం పెడదామని హైదరాబాద్‌లో ఒక ఫర్నిచర్ షాపుకి వెళ్ళాం. ఓ వరసంతా బంగారు రంగు ఫ్రేముల అద్దాలే. చుట్టూ లతలు, పైన కిరీటంలా ఓ పూలగుత్తి. "ఫ్రెంచ్ స్టైల్ మేడమ్" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఫ్రేము మీద వేలితో కొట్టి చూశాను. డొల్లగా ప్లాస్టిక్ చప్పుడు. నేనలా కొట్టి చూడటం అతనికి నచ్చినట్టు లేదు గానీ వెంటనే తేరుకుని, "మెయింటెనెన్స్ ఏం ఉండదు మేడమ్, తడిగుడ్డతో తుడిచేసుకోవచ్చు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. మా ఆయన నా వంక అదోలా చూశాడు. ఆయనకి ఆ తడిగుడ్డ సంగతి తెలుసు, సగమే తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

2007 సెప్టెంబరులో చదువుకోడానికి పారిస్ వెళ్ళాను. ఆ ఊరిని 20 వార్డులు చేశారు. మధ్యలోంచి మొదలుపెట్టి నత్తగుల్లలా చుట్టుకుంటూ పోతాయి. నాకు గది దొరికింది తొమ్మిదో వార్డులో, ఒక పాతకాలపు మేడలో, ఐదో అంతస్తులో. ఇల్లుగలావిడ ఒక్కతే ఉండేది. అప్పటికే ఎనభైకి దగ్గర పడింది. నేను మదాం అనేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. చూడ్డానికి వెళ్ళిన రోజు ఏ ఊరని అడిగింది. కాకినాడ అన్నాను. మొహంలో ఏ కదలికా లేదు. యానాం పక్కన అన్నాను, ఊరికే, ఏమైనా తగులుతుందేమోనని. ఆవిడ చటుక్కున కళ్ళు మూసుకుని, ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా, "పొందిషెరీ, కరికాల్, యనాఓఁ, మాహే, షాందెర్నగోర్" అని గుక్కతిప్పుకోకుండా చదివేసింది. ఆవిడ బడికెళ్ళే రోజుల్లో ఇండియాలో ఫ్రాన్సు చేతిలో ఉన్న ఐదు ఊళ్ళ పేర్లు పిల్లల చేత అలా వల్లె వేయించేవారట. యానాం 1954లో వాళ్ళ చేతిలోంచి జారిపోయింది గానీ ఆవిడ నోట్లోంచి పోలేదు. మా పెద్దవాళ్ళు వాళ్ళని "పరాసులు" అనేవారని చెబితే తెగ సంబరపడిపోయి, రెండుసార్లు పలికించుకుంది. గది నాకు ఇచ్చేసింది. మా జిల్లా పుణ్యమా అని గది దొరకడం మళ్ళీ నా జీవితంలో జరగలేదు.

అద్దం హాల్లో ఉండేది. పాలరాతి ఫైర్‌ప్లేసు మీద, దాదాపు నా ఎత్తు. పై మూలలు రెండూ గుండ్రంగా, కింది మూలలు రెండూ సూటిగా. గుమ్మంలోంచి చూస్తే గోడకి బంగారు తలుపు పెట్టినట్టుండేది. అద్దం అంచుని ఆనుకుని చుట్టూ శనగగింజంత పూసల వరస, ఫ్రేము మీద గీసీ గీయనట్టు పూలు. అది లూయీ ఫిలిప్ అనే రాజు కాలం నాటి అద్దమని మదాం చెప్పింది. ఆయన 1830 నుంచి 1848 దాకా ఏలాడు. ఆయన పోయినా ఆ ఆకారానికి ఆయన పేరే ఉండిపోయింది. పారిస్‌లో పాత ఇళ్ళలో అలాంటివి చాలానే కనిపిస్తాయి. అంటే మదాం అద్దం మ్యూజియం సరుకు కాదు. వాళ్ళ అమ్మమ్మది, అంతే.

దగ్గరికెళ్ళి చూసుకుంటే నేను ఎప్పుడూ కొంచెం దూరంలో ఉన్నట్టు కనిపించేదాన్ని. గాజులో సన్నటి నీలం బూడిద ఛాయ. మొహం మీద మచ్చలు కూడా మెత్తబడి కనిపించేవి. మా అమ్మమ్మగారింట్లో బీరువా తలుపుకి ఉన్న అద్దం గుర్తొచ్చేది. దాన్ని బెల్జియం అద్దం అనేవారు. మా వైపు పాత అద్దం ఏది బాగున్నా అది బెల్జియందే. ఆ మాట ఓసారి మదాంతో మెచ్చుకోలుగా అన్నాను, మీది కూడా మా బెల్జియం అద్దంలా ఉందని. "బెల్జియమా!" అని కనుబొమలు నెత్తి మీదికి పోయాయి. ఆ సాయంత్రమంతా నాకు క్లాసు.

ఆ క్లాసులో నాకు మిగిలింది ఇదీ. ఒకప్పుడు అద్దాల విద్యంతా వెనిస్ వాళ్ళ గుప్పిట్లో ఉండేది. మురానో దీవి పనివాళ్ళు గుట్టు బయటికి పొక్కనిచ్చేవారు కాదు. పద్నాలుగో లూయీ దగ్గర మంత్రిగా ఉన్న కొల్బేర్ వాళ్ళలో కొందరిని రప్పించి, 1665లో రాజుగారి పేరున అద్దాల కార్ఖానా పెట్టించాడు. 1684 నాటికి వెర్సాయ్ రాజభవనంలో అద్దాల మండపం లేచింది. పొడుగు 73 మీటర్లు, అద్దాలు 357. నేను తర్వాత వెళ్ళి చూశాను. దూరం నుంచి నిలువెత్తు అద్దాల్లా కనిపించేవి దగ్గరికెళ్తే చిన్న చిన్న పలకలు పక్కపక్కన పేర్చినవి. పెద్ద పలక పోయడం అప్పటికింకా పట్టుబడలేదు. కరిగిన గాజుని బల్ల మీద పోసి రోలరుతో పరిచే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. ఆ కార్ఖానా చివరికి ఏమైందంటే, మన ఊళ్ళలో ఇల్లు కట్టేవాళ్ళందరికీ తెలిసిన సెయింట్ గోబెన్ అయింది. కిటికీ అద్దాల మీద ఆ స్టిక్కరు చూసినప్పుడల్లా నాకు మదాం కనుబొమలు కనిపిస్తాయి.

వెనక పూత సంగతి ఆవిడ చెప్పలేదు, అది నాకు మరొకరి దగ్గర తెలిసింది. వస్తున్నాను అక్కడికే.

ముందు ఓ రాత్రి గురించి చెప్పాలి. డిసెంబరు. అక్కడ ఐదింటికల్లా చీకటి. మా మేడలో కరెంటు పోయింది. పారిస్‌లో కరెంటు పోతే మనలా ఇన్వర్టరు ఉండదు, పోదనే ధీమా కాబట్టి. మదాం రెండు కొవ్వొత్తులు వెలిగించి అద్దం ముందు పాలరాతి పలక మీద పెట్టింది. అప్పటిదాకా నాకు ఆ బంగారం కాస్త అతిగా అనిపించేది, మన పెళ్ళి మండపాల గిల్టు అలంకారంలా. ఆ రాత్రి అర్థమైంది. రెండు దీపాలు నాలుగయ్యాయి. ఫ్రేము మీద కొన్ని చోట్ల మెరుపు, కొన్ని చోట్ల మందంగా, మంట కదిలినప్పుడల్లా ఆ పూసల వరస చుట్టూ ఎవరో నడుస్తున్నట్టు వెలుతురు. అసలు ఆ వస్తువు చేసింది ట్యూబులైటు కోసం కాదు. కరెంటు వచ్చాక ఇద్దరం ఓ నిమిషం పాటు లైటు వేయలేదు.

ఇక తడిగుడ్డ.

2008, సర్వధారి నామ సంవత్సర ఉగాది ముందు ఆదివారం. మదాం రెండు రోజులకి వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళింది. నాకేమో ఇంటి మీద బెంగ. ఉగాదంటే మా ఇంట్లో బూజులు దులపడం, కిటికీ ఊచలు తుడవడం, దేవుడి పటాలు దించి అద్దాలు తుడవడం. అమ్మకి ఈ లోకంలో తడిగుడ్డకి లొంగని మురికి లేదు. నా గది శుభ్రం చేసేశాను, వంటగది అయింది, ఇంకా చెయ్యి ఊరుకోలేదు. హాల్లోకి వెళ్ళి చూస్తే అద్దం చుట్టూ పూసల సందుల్లో నల్లగా దుమ్ము. మదాం ఎప్పుడూ ఈకల కుంచె ఒకటి పట్టుకుని పైపైన విదిలించేది. పెద్దావిడ, చేతకాక అలా చేస్తోందనుకున్నాను. పాపం, వచ్చేసరికి మెరిపించి పెడదాం!

ఇంటి నుంచి తెచ్చుకున్న గళ్ళ తువ్వాలు ఒకటి ఉండేది, మెత్తగా నలిగినది. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, ముంచి, గట్టిగా పిండి, కింద ఎడమ మూల నుంచి మొదలుపెట్టాను.

మొదటి రుద్దుకి భలే మెరిసింది. ఉత్సాహం వచ్చింది. రెండో రుద్దుకి బంగారం కింద నుంచి ఎర్రగా ఏదో కనిపించింది. లోపల పేరుకున్న మురికేమో అనుకున్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది. ఆ ఎరుపు పోవాలని ఇంకా గట్టిగా రుద్దాను. దాని కింద తెల్లగా వచ్చింది. అప్పుడు ఆగాను. తువ్వాలు విప్పి చూస్తే ఎర్రటి బురద, అందులో అక్కడక్కడ మిలమిలా. అరచేతి మేర ఫ్రేము, మా అమ్మమ్మగారి వీధరుగులా ఉంది, ఎర్రమట్టి అలికి మీద సగం ముగ్గు వేసి లేచిపోయినట్టు.

కాళ్ళు వణికాయి. టెన్షన్‌లో నాకొచ్చిన మొదటి ఆలోచన చెబుతాను, దాచడమెందుకు. డ్రాయింగ్ సామాన్ల కొట్లో చిన్న సీసాల్లో బంగారు రంగు అమ్ముతారు, కొనుక్కొచ్చి పూసేద్దాం అని. కోటు తగిలించుకుని మెట్లు దిగి పరుగెత్తాను. అప్పట్లో పారిస్‌లో ఆదివారం చాలా కొట్లు మూసేసేవారు. ఇనుప షట్టరు ముందు నిలబడి, నా చేతివేళ్ళ గోళ్ళలో ఎర్రమట్టి చూసుకుంటూ ఏడ్చాను. ఆ అద్దాన్ని కాపాడింది ఆ మూసిన షట్టరేనని తర్వాత తెలిసింది.

మదాం సోమవారం సాయంత్రం వచ్చింది. కోటు విప్పకముందే చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.

"నీళ్ళా?"

"అవును."

"సబ్బు కూడానా?"

"రెండు చుక్కలు."

కుర్చీలో కూర్చుంది. ఫ్రెంచిలో కూడా మనలాగే నువ్వు, మీరు వేరువేరుగా ఉంటాయి. ఎన్ని నెలలైనా ఆవిడ నన్ను మీరనే అనేది. కోపం వస్తే నువ్వులోకి దిగుతుందేమో అనుకున్నాను. దిగలేదు. "మీరు వెళ్ళి పడుకోండి" అంది. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు మాటల్లేవు. బుధవారం ఉదయం కాఫీ దగ్గర, "శనివారం ఏ పనీ పెట్టుకోకండి" అంది.

శనివారం ఫోబూర్ సేంట్ ఆంత్వాన్ వైపు వెళ్ళాం. కొన్ని వందల ఏళ్ళుగా వడ్రంగులు, కుర్చీలు మంచాలు చేసేవాళ్ళు ఉన్న పేట అది. రోడ్డు మీంచి ఒక సందులోకి తిరిగితే లోపల రాళ్ళు పరిచిన వాకిలి, చుట్టూ షెడ్లు. అందులో ఒకటి బంగారు పూత వేసే ఆయనది. నేను తీసిన ఫొటో చూసి, "రంగేమైనా వేశారా?" అన్నాడు ముందు. వేయలేదన్నాను. "అమ్మయ్య" అన్నట్టు ఊపిరి వదిలాడు. ఆ సీసాల్లో ఉండేది బంగారం కాదట, రాగీ జింకూ కలిసిన ఇత్తడి పొడి. కొన్నాళ్ళకి నల్లబడుతుంది, దాన్ని తీయబోతే పక్కనున్న అసలు బంగారం కూడా లేచొస్తుంది. ఇలాంటి అద్దాలు తన దగ్గరికి ఎక్కువ వచ్చేది కాలం వల్ల కాదనీ, శుభ్రం చేసినవాళ్ళ వల్లనీ అన్నాడు. మదాం నా వంక చూడకుండా చాలా జాగ్రత్తపడింది.

బంగారం అతికించడంలో రెండు రకాలున్నాయట. నూనె జిగురు మీద అతికిస్తే కాస్త మందంగా ఉంటుంది గానీ తడికి తట్టుకుంటుంది. అద్దంలా మెరవాలంటే మాత్రం నీటితోనే అతికించాలి. "నీళ్ళతో వచ్చింది నీళ్ళతోనే పోతుంది, మద్మోజెల్" అన్నాడు. ఆ ఫ్రేములో మెరిసే భాగాలన్నీ రెండో రకం. నేను సరిగ్గా అక్కడే రుద్దాను.

అద్దాన్ని అతని దగ్గరికి తేలేం. బరువొకటే కాదు. అప్పట్లో అద్దం వెనక పూత వేసే పద్ధతి చెప్పాడు. బల్ల మీద తగరపు రేకు పరిచి, దాని మీద పాదరసం పోసి, పైన గాజు పలకని జరిపి, బరువులు పెట్టి, బల్లని ఓ పక్కకి వాల్చి, ఎక్కువైన పాదరసం కారిపోయేదాకా రోజుల తరబడి వదిలేసేవారు. నా మొహం మీద మచ్చలు మెత్తబరిచిన నీలి ఛాయ దానిదే. ఆ పని చేసినవాళ్ళకి చేతులు వణుకు పట్టేవి, పళ్ళూడిపోయేవి. 1835లో లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గాజు మీద వెండిని పేరుకునేలా చేసే దారి కనిపెట్టాడు. ఆ శతాబ్దం రెండో సగంలో పాదరసం మెల్లగా వెనకబడింది. పాత అద్దాలని పడుకోబెట్టి, లేపి హడావిడి చేస్తే కింద అంచున పాదరసం బొట్లు బొట్లుగా దిగే ప్రమాదం ఉందట. అందుకే తనే వస్తానన్నాడు.

డబ్బు దగ్గర మదాం ఒకటే మాట అంది. "సగం మీరు, సగం నేను. మీకు ముందే చెప్పి ఉండాల్సింది." నా సగం మూడు నెలల్లో కట్టాను. ఆ మూడు నెలలూ సినిమా లేదు, బయట కాఫీ లేదు.

ఆయన మూడు శనివారాలు వచ్చాడు. మొదటిరోజు మా వంటింట్లో స్టవ్ అడిగాడు. సుద్దపొడిని వేడి జిగురులో కలిపి పూతలు వేయాలి, ఒకటి ఆరాక ఇంకొకటి. జిగురు వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి. నేను రోజూ పప్పు వండుకునే గిన్నె ఇచ్చాను. కాసేపటికి అదో రకం వాసన. ఏం జిగురని అడిగితే కుందేలు చర్మం ఉడికించి తీసిందన్నాడు. ఆ రాత్రి ఫోన్లో అమ్మకి చెప్పాను. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, "బంగారం సంగతి దేవుడెరుగు, ముందా గిన్నె అవతల పారేయ్" అంది. పారేశాను. అమ్మతో వాదించే దూరం కాదు అది.

సుద్ద ఆరి, నున్నగా రుద్దాక ఎర్రమట్టి పూత. నేను మురికనుకున్నది ఇదే. ఆర్మీనియా మట్టి అంటారు వాళ్ళు. బంగారం మెరుగు పట్టడానికి కింద మెత్తటి పరుపులా ఉండేది ఆ మట్టే. పైగా, పల్చటి రేకు లోంచి ఆ ఎరుపే బంగారానికి వేడి ఇస్తుంది.

బంగారు రేకు వేసే రోజు కిటికీలన్నీ మూయించాడు. నన్ను దూరంగా కూర్చోమని, నవ్వొద్దు, తుమ్మొద్దు అన్నాడు. చిన్న పుస్తకంలా ఉంటుంది, పేజీకో రేకు, 25 రేకులు. ఒక్కోటి ఎనిమిది సెంటీమీటర్ల పలక. మన స్వీట్ల మీద వెండి వరఖు చూశాం కదా, ఊదితే ఎగిరిపోయే అదే పద్ధతి. ఉడత వెంట్రుకల వెడల్పాటి కుంచె తీసి తన చెంప మీద ఓసారి రాసుకున్నాడు. చర్మం మీదుండే ఆ కాస్త జిడ్డుకే రేకు కుంచెకి అంటుకుంటుంది. మట్టిని నీళ్ళతో తడిపి, రేకుని దగ్గరికి తెచ్చాడు. తెచ్చాడంతే, అతికించలేదు. తడి తనే లాగేసుకుంది. చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు ఠక్కున.

కొన్ని గంటలు ఆగి, ఇంకా పూర్తిగా ఆరకముందే, కుక్క కోరపన్ను ఆకారంలో ఉన్న అగేట్ రాయితో రుద్దాడు. మందంగా ఉన్నది కాస్తా రాయి వెళ్ళిన దారిలో మెరుపెక్కుతూ వచ్చింది. చప్పుడు కూడా మారుతుంది, మొదట గరగరా, తర్వాత నున్నగా. అయిపోయాక చూస్తే ఆ మూల మాత్రం కొత్త గొలుసులా పచ్చగా, వెకిలిగా మెరుస్తోంది. మిగతా ఫ్రేమంతా దానిముందు వెలిసిపోయింది. నా గుండె జారింది. మూడో శనివారం ఆయన చేసిన పని చూస్తే మీరు నమ్మరు. గుడ్డతో ఆ కొత్త బంగారాన్ని ఎత్తుగా ఉన్న చోట్ల మెల్లగా రుద్ది, ఎరుపు తేల్చాడు. పూసల నెత్తిన కాస్త, అంచున కాస్త. నేను నోరెళ్ళబెట్టాను. ఇదే పనికి కదా నేను మూడు నెలల కాఫీలు మానుకున్నది!

ఆయన తల తిప్పకుండానే అన్నాడు, "పాత బంగారం మీద మీకు నచ్చే ఆ ఎరుపంతా చేతులు తుడిచి తుడిచి తెచ్చిందే. 160 ఏళ్ళలో జరగాల్సింది మీరు అరగంటలో చేశారు, అంతే." అప్పుడు నవ్వింది మదాం, ఆ తడిగుడ్డ గొడవ తర్వాత మొదటిసారి.

నేను 2009లో తిరిగొచ్చేశాను. మదాం తర్వాత వృద్ధాశ్రమానికి మారిందని ఉత్తరం రాసింది, అద్దాన్ని మేనల్లుడు తీసుకెళ్ళాడని అందులోనే. ఆ పైన ఉత్తరాలు లేవు. ఆ తర్వాత ఓసారి ఆఫీసు పనిమీద పారిస్ వెళ్ళినప్పుడు సేంట్ ఉవాన్‌లో పాత వస్తువుల సంతకి వెళ్ళాను. వరసల కొద్దీ లూయీ ఫిలిప్ అద్దాలు, నేల మీద గోడకి ఆనించి. ప్రతిదాని ముందూ వంగి కింద ఎడమ మూల చూశాను. కొట్టు ఆయన నన్నో పెద్ద నిపుణురాలిని అనుకుని ధర తగ్గించాడు.

తువ్వాలు మాత్రం పారేయలేదు. ఆ ఎర్ర బురద, అందులో బంగారు నలుసులు ఎండిపోయి అలాగే అతుక్కుపోయాయి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టి కాకినాడ తెచ్చాను. వచ్చిన రోజు ప్రయాణం బడలికతో మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. లేచేసరికి పెరట్లో తీగ మీద నా బట్టలన్నీ ఆరుతున్నాయి. చివర్న గళ్ళ తువ్వాలు, మల్లెపువ్వులా.

"అమ్మా, అందులో బంగారం ఉంది!"

అమ్మ బకెట్టు బోర్లించి చెయ్యి తుడుచుకుంటూ, "బంగారమేంటే, ఎర్రమట్టి. ఎంత మొండిదో. రెండుసార్లు సబ్బు పెట్టాల్సొచ్చింది" అంది.